మూడో పేరా

ఆ వానాకాలం మూడు నెలలూ శనివారం పొద్దున తొమ్మిదింటికి మా మనవరాలిని తీసుకెళ్ళి వాళ్ళ నాన్నకి అప్పజెప్పడం, ఆదివారం సాయంత్రం అయిదింటికి వెళ్ళి తిరిగి తెచ్చుకోవడం నా పనైంది. మా అమ్మాయీ అల్లుడూ విడాకులకి కాగితాలు పెట్టుకున్నారు. ఇద్దరూ ఎదురుపడితే మాటా మాటా పెరుగుతోంది, మధ్యలో పిల్ల బిక్కమొహం వేస్తోంది. కోర్టు తేల్చేదాకా ఈ రాకపోకలు ఎవరైనా పెద్దవాళ్ళు చూసుకుంటే మంచిదన్నారు లాయర్లు. పెద్దవాళ్ళంటే రెండు వైపులా మిగిలింది నేనొక్కణ్ణే. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన వాణ్ణి. మనుషుల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేయడం తప్ప నాకు వేరే విద్య రాదు కూడా.

మనవరాలికి అప్పుడు ఆరేళ్ళు. ఇంట్లో ఉడత అంటాం. బుగ్గలో ఏదో ఒకటి దాచుకుని నములుతూ ఉంటుంది, ఒక చోట కుదురుగా నిలవదు. ఆ యేడు ముందు పళ్ళు రెండూ ఊడి, శనివారాన్ని థనివారం అనేది.

మా ఆవిడ పోయాక అమ్మాయి నన్ను ఒంటరిగా వదల్లేక తన ఇంటికి తెచ్చుకుంది. ఇల్లరికపు అల్లుళ్ళ గురించి అందరూ వినే ఉంటారు. ఇల్లరికపు మామని మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఏడేళ్ళు అల్లుడి ఇంట్లో తిన్నాను. ఒక్కనాడు కూడా కంచం దగ్గర అతని కనుబొమ్మ ముడిపడటం చూడలేదు. ఆ వేసవిలో అమ్మాయి పిల్లని తీసుకుని రెండు గదుల వాటాలోకి మారిపోయింది. సామాను సర్దుతుంటే, అందులో నేనూ ఒక సామాన్నేనని అర్థమై నా పెట్టె నేనే కట్టుకున్నాను.

ఎందుకు విడిపోతున్నారని అడిగేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం లేదు. విడివిడిగా చూస్తే ఇద్దరూ బంగారాలే. ఒక గదిలో ఉంటే మాత్రం మొదట్లో గొంతులు పెరిగేవి, తర్వాత తర్వాత పెరగడం కూడా మానేశాయి. అమ్మాయి అతన్ని ‘ఆయన’ అనడం మానేసి ‘వాళ్ళ నాన్న’ అనడం మొదలుపెట్టిన రోజున నాకు విషయం అర్థమైంది.

అమ్మాయి ఒక ఆస్పత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. అల్లుడు పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త బట్ట వేస్తాడు. విడిపోయాక పెద్ద ఇల్లు వదిలేసి తన షెడ్డు మీదున్న గదిలోకి మారాడు. కింద పని, పైన కాపురం. అదే మా అమ్మాయి భయం. షెడ్డు నిండా మేకులు, కత్తెర్లు, జిగురు డబ్బాలు. ‘వాళ్ళ నాన్నకి పనిలో పడితే ఒళ్ళు తెలీదు. ఇది ఏ మేకు మింగినా సాయంత్రం దాకా చూసుకోడు’ అనేది. అందులో అబద్ధం ఏమీ లేదు. పనిలో ఉంటే అతనికి నిజంగానే పిడుగు పడినా వినపడదు. కానీ ఉడత వచ్చే శనివారాలు అతను పని పెట్టుకోడనీ, మేకుల డబ్బాలన్నీ అటక మీదకి ఎక్కించి నిచ్చెన తీసేస్తాడనీ నేను చూశాను. చెప్పాను కూడా. ‘నీకు ఆయన... వాళ్ళ నాన్నంటే ఎప్పుడూ పక్షపాతమే’ అని కొట్టిపారేసింది.

వానలు మొదలైన రెండో వారంలో అనుకుంటాను, అమ్మాయి డ్యూటీ నుంచి వస్తూ ఒక కవరు తెచ్చింది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో, రెండోవాళ్ళు ఎప్పుడు చూడాలో కోరుతూ కోర్టుకి ఇచ్చే కస్టడీ కాగితాలు. లాయరు రాసిచ్చాడు. కస్టడీ అనే మాట నాకు అప్పటిదాకా పోలీసుల నోటే తెలుసు. ఆరేళ్ళ పిల్లకి ఆ మాట వాడతారంటే ఏదోలా అనిపించింది.

కాగితంలో ఉన్నదేమిటంటే, పిల్ల పూర్తిగా తల్లి దగ్గరే ఉండాలి. తండ్రి వారానికి రెండు గంటలు, అదీ కోర్టు ఆవరణలో పిల్లల గది ఒకటుంది, అందులో, ఎవరో ఒకరి కళ్ళ ముందు మాత్రమే చూడాలి. ఎందుకంటే అని కింద వరసగా కారణాలు. మూడో పేరా దగ్గర అమ్మాయి వేలు పెట్టి చూపించింది. ‘తండ్రి నిర్లక్ష్యంగా స్కూటరు నడిపినందువల్ల మూడేళ్ళ వయసులో బిడ్డ ఎడమ చెయ్యి విరిగినది.’

“నువ్వు ఆ రోజు ఇంట్లోనే ఉన్నావుగా నాన్నా. ఇది నిజమేనని సాక్షి సంతకం పెట్టు. చాలు.”

కళ్ళజోడు కనపడటం లేదన్నాను. నుదుటి మీదే ఉందని చూపించింది. కళ్ళు మండుతున్నాయి, రేపు చూద్దామన్నాను. తను కాగితాలు కవర్లో పెట్టి బీరువా మీద ఉంచింది. ఆ కవరు అక్కడ ఉన్నన్నాళ్ళూ నేను ఆ బీరువా వైపు తల తిప్పలేదు.

ఎందుకంటే ఆ రోజు స్కూటరు నడిపింది అల్లుడు కాదు. నేను.

అప్పటికి మూడేళ్ళ కిందటి మాట. నాకు కంటి ఆపరేషను అయి రెండు నెలలు. ఇక స్కూటరు ముట్టుకోవద్దని అమ్మాయి గట్టిగా చెప్పింది. ఆ రోజు తను డ్యూటీలో ఉంది. ఉడత రంగు పెన్సిళ్ళు కావాలని ఒకటే గోల. అల్లుడు పొడుగాటి సోఫా ఒకటి విప్పదీసుకుని నోట్లో మేకులతో కూర్చున్నాడు. తాళం చెవి ఇవ్వు బాబూ, వీధి చివరిదాకేగా అన్నాను. ఒక్క క్షణం ఆగాడు. ఇచ్చాడు. బస్సు నడిపినవాడికి స్కూటరు ఒక లెక్కా అని నాకు. తిరిగొచ్చేటప్పుడు మలుపులో నీళ్ళ మడుగుని చెట్టు నీడ అనుకున్నాను. ముందు చక్రం జారింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ప్రమాదం లేని డ్రైవర్ని, నా మనవరాలి చెయ్యి మీద పడ్డాను.

ఆస్పత్రికి అల్లుడు ముందు పరుగెత్తుకొచ్చాడు, తర్వాత అమ్మాయి. వస్తూనే ఎలా జరిగిందని అడిగింది.  నేను నోరు తెరిచేలోపే అల్లుడు, “నేనే తీసుకెళ్ళాను. మలుపులో జారింది” అన్నాడు. నేను బెంచీ మీద కూర్చునే ఉన్నాను. నా మోకాలు చీరుకుపోయి ప్యాంటు లోపల రక్తం కారుతోంది. దాని మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

మర్నాడు అతని దగ్గరికి వెళ్ళి ఎందుకలా చెప్పావని అడిగితే, ‘నన్నయితే నాలుగు రోజులు తిడుతుంది మామయ్యా, అంతే. మిమ్మల్నయితే...’ అని ఆపేశాడు. ఆ నాలుగు రోజులూ మూడేళ్ళయ్యాయి. పిల్లకి ఆ పడటం గుర్తు లేదు. కానీ ‘నాన్న బండి మీద తీసుకెళ్తే పడ్డావు’ అని విని విని, అదే తన జ్ఞాపకం అనుకునేది. నాన్న స్కూటరు దగ్గరికి వస్తే ఏడుపు లంకించుకునేది. చివరికి అతను స్కూటరు అమ్మేశాడు.

కవరు వచ్చిన వారమే, ఆదివారం ఉడతను తెచ్చుకోవడానికి ముందే వెళ్ళాను. పిల్ల పైన గదిలో నిద్రపోతోంది. షెడ్డు రేకుల మీద వాన. అల్లుడు నాకు ఒక కుర్చీ లాగి, దాని మీద ఇంకా బట్ట వేయలేదని చూసుకుని, ఇంకోటి లాగాడు. మూడో పేరా గురించి చెప్పాను. అతనికి తెలుసు. అతని లాయరు చదివి వినిపించాడట.

“నేను చెప్పేస్తాను బాబూ” అన్నాను.

 అతను పైకి వెళ్ళే మెట్ల వైపు ఒకసారి చూసి, “వద్దు మామయ్యా. మీరు చెప్తే తను పిల్లని మీ చేతికి ఇవ్వదు. తను డ్యూటీకి వెళ్తే బడి నుంచి ఎవరు తెస్తారు? ఎవరి పక్కన కూర్చుని తింటుంది? ఇప్పటికే దాని ఇంట్లో ఒక మనిషి తగ్గాడు. ఇంకో మనిషిని తగ్గించకండి” అన్నాడు.

మరి నీ సంగతేమిటని అడిగాను. రెండు గంటలైతే రెండు గంటలు, జడ్జికి తనే చెప్పుకుంటానన్నాడు. అతని కళ్ళు మాత్రం ఆ మాట అనలేదు.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది నా పని. చెప్తే పిల్ల నాకు దూరం, చెప్పకపోతే వాళ్ళ నాన్నకి దూరం. సంతకం పెట్టనూ లేదు, పెట్టనని చెప్పనూ లేదు. రోజుకో వంక వెతుక్కున్నాను. ముసలితనం ఒక్కందుకు పనికొస్తుంది, మర్చిపోయానంటే ఎవరూ నిలదీయరు.

కోర్టులో వాయిదాకి ముందు, ఇలాంటి తగువుల్లో ఇద్దరితో మాట్లాడి చూసే కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాలన్నారు. యాభై దాటిన మనిషి, జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది, బల్ల మీద వేడినీళ్ళ ఫ్లాస్కు. ముందు అమ్మాయితో, తర్వాత అల్లుడితో విడివిడిగా మాట్లాడింది. ఆ తర్వాత పిల్లని పంపమంది. ఉడత నా వేలు వదలనంది. సరే, తాతగారూ రండి అంది ఆవిడ.

లోపలికి వెళ్ళాలంటే ఆ పిల్లల గది మీదుగానే వెళ్ళాలి. గోడ మీద జంతువుల బొమ్మలు, మూల ప్లాస్టిక్ దిమ్మెలు, చిన్న చిన్న కుర్చీలు. ఒక కుర్చీలో ఎవరో ఒకాయన కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఎదురుగా కూతురు, ఎనిమిదేళ్ళుంటాయి. ఇద్దరి మధ్యా పేకముక్కల ఆట ఉంది కానీ ఇద్దరూ గోడ గడియారం వైపు చూస్తున్నారు. నా కాళ్ళు అక్కడే కాసేపు ఆగిపోయాయి.

కౌన్సిలర్ మేడం ఉడతని కబుర్లలోకి దించింది. బడి గురించి, ఊడిన పళ్ళ గురించి. తర్వాత నాన్న దగ్గర నీకు ఏం ఇష్టం, ఏం ఇష్టం లేదు అని అడిగింది.

“నాన్న దగ్గర థోఫాలెక్కి దూకొచ్చు” అంది ఉడత. “బండి ఇష్టం లేదు. నాన్న నన్ను పడేథాడు. ఈ చెయ్యి విరిగింది.”

చెయ్యెత్తి చూపించింది. కుడి చెయ్యి.

“అది కాదమ్మా, ఎడమ చెయ్యి” అన్నాను నేను, ఆలోచించకుండానే.

ఉడత రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంది. తేలక, కుర్చీ దిగి పక్క గదిలోని దిమ్మెల దగ్గరికి పరుగెత్తింది. కౌన్సిలర్ నా వైపు తిరిగి, “మీరు చూశారా తాతగారూ?” అని మామూలుగా అడిగింది.

“చూడ్డం కాదమ్మా. బండి నడిపింది నేనే.”

అంతే. మూడేళ్ళు గొంతులో పెట్టుకుని తిరిగిన మాట ఆ మాత్రమే. ఆవిడ రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టింది. కోప్పడలేదు. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి నా ముందుకి జరిపింది. తాగాక, నాకు ఆ కస్టడీ అన్న మాట వింటేనే భయంగా ఉందమ్మా అన్నాను.

ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తు. కస్టడీ అంటే పిల్ల ఎవరి సొత్తు అని తేల్చడం కాదట. మూడు ప్రశ్నలకి జవాబు రాసుకోవడమట. పిల్ల రోజూ ఎవరింట్లో నిద్ర లేస్తుంది? బడి, వైద్యం లాంటివి ఎవరు నిర్ణయిస్తారు? ఇంకొకరు ఎప్పుడెప్పుడు, ఎలా కలుస్తారు? మూడింటికీ ఒకే మనిషి పేరు రాయాలని ఎక్కడా లేదు. పొద్దున్నే తల్లి ఇంట్లో లేచే పిల్లకి, బడి సంగతి ఇద్దరూ కలిసి నిర్ణయించొచ్చు. “గెలుపోటముల్లా చూస్తారు గనక తగువు. టైంటేబుల్‌లా చూస్తే సగం తగువు ఉండదు” అంది. టైంటేబుల్ అనగానే నాకు కాస్త ఊపిరి ఆడింది. అది నాకు తెలిసిన భాష.

లేవబోతుంటే ఆపింది. “ఈ మాట నాకు కాదు, మీ అమ్మాయికి చెప్పాలి. వాయిదా పదిహేను రోజుల్లో ఉంది. అప్పటికీ మీరు చెప్పకపోతే నేను అడగాల్సి వస్తుంది.”

ఆ సాయంత్రమే చెప్పాను. రేపంటే మళ్ళీ కళ్ళజోడు కనపడదు.

వానలకి బట్టలు ఆరడం లేదు. అమ్మాయి బల్ల మీద దుప్పటి పరిచి, ఉడత బడి చొక్కాని ఇస్త్రీ పెట్టెతో ఆరబెడుతోంది. గదంతా ఆవిరి వాసన. ఉడత పక్కింట్లో ఆడుకుంటోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి మొదలుపెట్టాను. తాళం చెవి అడగడం, నీళ్ళ మడుగు, ఆస్పత్రి బెంచీ, అల్లుడన్న నాలుగు రోజుల మాట, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. తను ఇస్త్రీ ఆపలేదు. కాలరు, భుజాలు, చేతులు వరసగా చేసుకుంటూ పోయింది. నేను చెప్పడం అయిపోయింది. తను పెట్టె నిలబెట్టి, స్విచ్చి తీసేసి, నా వైపు చూసింది.

“మోకాలు చూపించు” అంది.

ప్యాంటు పైకి లాగాను. వంగి చూసింది. రోజూ పరాయివాళ్ళ చేతులు పట్టుకుని చూసే మనిషి కదా, మచ్చ ఎంత పాతదో చూడగానే తెలిసిపోయింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

“ఆయన నాలుగు రోజులు తిట్లు తినడానికి ఒప్పుకున్నాడు” అంది చివరికి. “నేను మూడేళ్ళు భయపడ్డాను నాన్నా. పిల్లని ఆయన ఎత్తుకుంటే చాలు, గుండె గుప్పిట్లో పెట్టుకుని చూసేదాన్ని. చేతకాని మనిషిని కట్టుకున్నాననుకున్నాను. నాకేం తెలియాలో, ఏం తెలియకూడదో మీరిద్దరూ కలిసి తేల్చేసుకున్నారు. నేను ఆ ఇంట్లో ఎవర్ని?”

చాలా నెలల తర్వాత, దిద్దుకోకుండా ‘ఆయన’ అంది. తను గమనించలేదు.

 నేను చేసింది తప్పని నాకు ముందే తెలుసు. అల్లుడు చేసింది మంచితనమనే ఆ రోజుదాకా అనుకున్నాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మేమిద్దరం పంచుకున్నామనుకున్నాం. పెద్ద పిడికెడు తన ఒళ్ళో పోశామని తెలియలేదు.

అల్లుడు భయపడినట్టే అయింది. మర్నాటి నుంచి ఉడతని బడి నుంచి తీసుకురావడానికి పక్కింటి టీచరమ్మని అడిగింది. నాతో మాటల్లేవు. కంచం పెట్టేది, మందులు టీ గ్లాసు పక్కన పెట్టేది, అంతే. అయిదు రోజులు. మధ్యాహ్నం బడి వదిలే వేళకి నా కాళ్ళు వాటంతటవే చెప్పుల్లోకి వెళ్ళేవి. మళ్ళీ బయటికి తీసేవాణ్ణి. ఉడత ఒకసారి, నువ్వెందుకు రావట్లేదని అడిగింది. కాలు నొప్పి అన్నాను. ఇంకో అబద్ధం.

ఆ శనివారం పొద్దున తయారై కూర్చున్నాను. అమ్మాయి గొడుగు తీసుకుని, “ఇవాళ నేను తీసుకెళ్తాను” అంది.  చేతిలో ఉన్న ఒక్క పనీ పోయిందనుకున్నాను. వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను. ఉడత ప్రతి గుంటలోనూ కావాలనే కాలేస్తోంది.

గంటలో రావాల్సిన మనిషి మూడు గంటల తర్వాత వచ్చింది. గొడుగు చేతిలోనే ఉంది, తను మాత్రం తడిసిపోయింది. వాళ్ళేం మాట్లాడుకున్నారో తను చెప్పలేదు. నేను అడగలేదు. తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, “మూడో పేరా తీసేయమని లాయరుకి చెప్పాను” అంది. తర్వాత, “పిల్లకి ఎవరు చెప్తారు?” అంది. నేనే చెప్పాలన్నాను. అవును, నువ్వే అంది. రేపు సాయంత్రం నువ్వెళ్ళి తీసుకురా అని కూడా అంది.

ఆదివారం వెళ్తే అల్లుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తిట్టిందా అని అడిగాను.

“నాలుగు రోజులనుకున్నాను మామయ్యా. మూడేళ్ళవీ కలిపి ఒకే పూట తిట్టింది” అన్నాడు. నవ్వబోయి ఆగాడు. “తను అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను మిమ్మల్ని కాపాడాననుకున్నాను. తనని బయట నిలబెట్టానని తెలీలేదు.”

తిరిగొచ్చే బస్సులో ఉడతకి కిటికీ సీటు ఇచ్చాను. బుగ్గలో బిస్కట్టు ఉంది. ఊరంతా తడిసి మెరుస్తోంది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు ముందు సీట్లో కూర్చున్నాను గానీ, ఆ రోజు వెనక సీట్లో కూర్చుని ఒక్క మాట చెప్పడానికి ఆరు స్టాపులు పట్టింది. నువ్వు బండి మీద నుంచి పడ్డావే, అప్పుడు బండి నడిపింది నాన్న కాదు, నేను అని చెప్పాను.

నములుతున్న నోరు ఆగింది. “మరి నాన్న అని ఎందుకన్నారు?”

“నన్ను అమ్మ కోప్పడుతుందని నాన్న తన మీద వేసుకున్నాడు.”

“అంటే నాన్న అబద్ధం చెప్పాడా?”

“చెప్పాడు.”

“నువ్వు?”

“నేను నోరు మూసుకున్నాను.”

“అదీ అబద్ధమే” అంది ఉడత. “మా టీచర్ చెప్పింది.” తర్వాత కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగేముందు నా మోకాలు చూపించమంది. అక్కడ మచ్చ ఉందని మాత్రం అమ్మ చెప్పిందట. బస్సులో అందరి ముందూ ప్యాంటు పైకి లాగాను. వేలితో మచ్చ చుట్టూ గీసి, నీకూ నొప్పెట్టిందా అంది. పెట్టిందన్నాను. సరే అయితే అని దిగింది. ఆ రాత్రి అన్నం దగ్గర వాళ్ళమ్మతో, తాతకి కాలు నొప్పి తగ్గింది, రేపు బడికి తాతే రావాలి అని ఆర్డరేసింది. వాళ్ళమ్మ కంచంలోంచి తల ఎత్తకుండా, “నడిచే వెళ్ళాలి” అంది. అంత మాట చాలు నాకు.

విడాకులు ఆగలేదు. ఈ కథ విన్న మా బస్సు డిపో మిత్రులంతా, నిజం తెలిశాక కలిసిపోయి ఉంటారే అని అడుగుతారు. అలా జరగలేదు. ఒక్క అబద్ధం తీసేస్తే నిలబడేంత గట్టిగా ఆ కాపురం లేదు. కానీ వాయిదా రోజున కౌన్సిలర్ ముందు ఇద్దరూ పక్క పక్క కుర్చీల్లో కూర్చుని టైంటేబుల్ రాసుకున్నారు. బడి రోజులు అమ్మ దగ్గర. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా నాన్న దగ్గర. సెలవులు చెరి సగం. బడి మార్చాలన్నా, ఆపరేషను లాంటిది చేయించాలన్నా ఇద్దరి సంతకాలూ ఉండాలి. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే, ఎవరింట్లో ఉన్నా సరే, రెండోవాళ్ళకి గంటలోపు చెప్పాలి. అది అల్లుడు అడిగి రాయించుకున్నాడు. మేకులూ కత్తెర్లూ తాళం వేసిన పెట్టెలో ఉండాలి. అది అమ్మాయి అడిగింది. చివర్లో తనే ఇంకో వాక్యం చెప్పి రాయించింది. ‘బిడ్డను తీసుకువెళ్ళుట, తీసుకువచ్చుట తాతగారి ద్వారా, బస్సులో మాత్రమే జరుగవలెను.’ కోర్టు కాగితంలో నా పేరుకి అంత విలువ వస్తుందని ముప్పై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ అనుకోలేదు. జడ్జిగారు ఆ వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, పేజీ తిప్పారు.

అది జరిగాక వచ్చిన మొదటి శుక్రవారం అమ్మాయి కూడా మాతో వచ్చింది. ఉడత బట్టలు, పుస్తకాలు కొన్ని అక్కడే ఉంచాలని సంచీ సర్దింది. సంచీ షెడ్డులో పెట్టి వెళ్ళిపోదామనుకుంది. ఉడత ఊరుకుంటేగా. నా గది చూడాలి, రా, రా అని చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాక్కుపోయింది. అమ్మాయి ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. వెనక అల్లుడు, వాళ్ళ వెనక నేను.

గది చిన్నదే. శుభ్రంగా ఉంది. కిటికీ కింద ఉడత మంచం. ఎవరో పారేసిన సోఫా చెక్కతో అతనే చేశాడు, తలవైపు మెత్తగా నీలం బట్ట వేశాడు. అమ్మాయి గది మధ్యలో నిలబడి అన్నీ చూసింది. కిటికీ గొళ్ళెం లాగి చూసింది. పరుపు మీద అరచెయ్యి పెట్టింది. కిటికీ వైపు అంచు కొంచెం చెమ్మగా తగిలినట్టుంది, చెయ్యి అక్కడే ఆగింది. 

“జల్లు కొడుతోంది. దీనికి ఛాతీలో తొందరగా జలుబు చేరుతుంది” అంది. గది చుట్టూ చూసి ఎదురు గోడ చూపించింది. “అక్కడైతే బాగుంటుంది. కొంచెం అటు పట్టుకోండి.”

అతను గబగబా వెళ్ళి తలవైపు పట్టుకున్నాడు. తను కాళ్ళవైపు పట్టుకుంది. ఒకటి, రెండు అని తనే లెక్కపెట్టింది. ఇద్దరూ ఒక్కసారే ఎత్తారు. మధ్యలో ఒక చోట అతను ఆగి, మూల తగలకుండా ఎడంగా తిప్పాడు. తను సరిగ్గా ఆ మేరకే తిరిగింది. పదేళ్ళు కలిసి సామాను జరుపుకున్న మనుషులు, చెప్పుకోనక్కర్లేదు. ఉడత నా కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చుని, జాగర్త, జాగర్త అని ఇద్దరికీ చెబుతోంది. మంచం గోడకి ఆనించాక అమ్మాయి దుప్పటి సరిచేసి, చేతులు దులుపుకుని, ఆదివారం అయిదింటికి అని చెప్పి, కిందికి దిగి వెళ్ళిపోయింది.

ఆ మంచం ఇప్పటికీ ఆ గోడకే ఉంది. ఉడతకి పదమూడు వచ్చాయి. దాని కాళ్ళకి చోటు చాలడం లేదని వాళ్ళ నాన్న మంచాన్ని ఇప్పటికి రెండుసార్లు పొడుగు చేశాడు.